స్పైరోమీటరుకు అందని సన్న నాళాలు
(సీఓపీడీ పరిశోధనపై ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఈరోజు సీఓపీడీ గురించి మాట్లాడుకుందాం. పొగ వల్లో, దుమ్ము వల్లో, చిన్నతనంలో ఊపిరితిత్తులు పూర్తిగా ఎదగకపోవడం వల్లో, లోపలి గాలి బయటికి వచ్చే దారి శాశ్వతంగా ఇరుకైపోయే జబ్బు ఇది. 2021లో ప్రపంచం మొత్తం మీద సుమారు 35 లక్షల మంది దీనితో చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ఇన్‌హేలర్లు ఆయాసాన్ని తగ్గిస్తున్నాయి, జబ్బు ఉన్నట్టుండి ముదిరి ఆసుపత్రి పాలయ్యే సందర్భాలను తగ్గిస్తున్నాయి. అది చిన్న మేలేమీ కాదు. కానీ ఊపిరితిత్తి అరిగిపోవడాన్నే ఆపే మందు చాలామంది రోగులకు ఇప్పటికీ లేదు. ఎందుకు లేదు అని అడిగితే నా జవాబు ఒకటే: జబ్బు ఎక్కడ మొదలవుతుందో అక్కడ మనం కొలవడం లేదు. ముదిరాక ఎక్కడ బయటపడుతుందో అక్కడ కొలుస్తున్నాం. పరిశోధనలో మనకు ఎదురైన దెబ్బల్లో చాలావాటికి మూలం అక్కడే ఉంది.

ముందు ఆ కొలతేమిటో చూద్దాం. స్పైరోమెట్రీలో రోగి ఛాతీ నిండా గాలి పీల్చి, ఒక్కసారిగా బలంగా, ఇక రాదు అనేదాకా ఊదాలి. 1846లో జాన్ హచిన్‌సన్ తన స్పైరోమీటరుతో మొత్తం ఎంత గాలి వస్తుందో కొలిచాడు. మొదటి సెకనులో ఎంత వచ్చిందన్న ప్రశ్నను వంద ఏళ్ల తర్వాత, 1947లో, ఫ్రాన్సులో టిఫ్నో ముందుకు తెచ్చాడు. ఆ మొదటి సెకను గాలినే ఎఫ్‌ఈవీ1 అంటున్నాం. మొత్తం గాలి ఎఫ్‌వీసీ. నాళాలను వదులు చేసే మందు ఇచ్చాక కూడా ఎఫ్‌ఈవీ1ను ఎఫ్‌వీసీతో భాగిస్తే 0.70 కంటే తక్కువ వస్తే, తగిన లక్షణాలో కారణాలో ఉంటే, సీఓపీడీ అని పేరు పెడతాం.

చెప్పడానికి ఇంతే. చేయించడం మాత్రం ఒక విద్య. పొద్దున్నే 3 లీటర్ల సిరంజితో మిషన్ని సరిచూడాలి. నెమ్మదిగా తోసినా, వేగంగా తోసినా అంకె 3 శాతం కంటే ఎక్కువ తేడా రాకూడదు. రోగి నిటారుగా కూర్చోవాలి, పాదాలు నేలకు ఆనాలి, ముక్కుకు క్లిప్పు ఉండాలి, పెదాలు మౌత్‌పీస్ చుట్టూ బిగుసుకోవాలి. పూర్తిగా పీల్చాక 2 సెకన్లకు మించి ఊపిరి బిగబట్టకుండా ఊదించాలి. ఊదిన గాలి సెకను సెకనుకూ ఎంతైందో మిషన్ గీసే వక్రరేఖ చదునయ్యేదాకా, అంటే చివరి సెకనులో 25 మి.లీ. కంటే తక్కువ గాలి వచ్చేదాకా, లేదా 15 సెకన్లు పూర్తయ్యేదాకా వదలకూడదు. అలాంటి మంచి ఊదులు కనీసం మూడు కావాలి. వాటిలో అన్నిటికన్నా పెద్ద అంకెల రెండింటి మధ్య తేడా 150 మి.లీ. దాటకూడదు. పెద్దవాళ్లకు ఎనిమిది ప్రయత్నాలు దాటితే ఆపేయడమే మేలు, అలసట వల్ల అంకెలు పడిపోతాయి. ఆ తర్వాత నాళాలను వదులు చేసే సాల్బుటమాల్ 100 మైక్రోగ్రాముల చొప్పున నాలుగు పఫ్‌లు స్పేసర్‌తో (ఇన్‌హేలరుకు తగిలించే గొట్టంతో) విడివిడిగా ఇచ్చి, 15 నిమిషాలు ఆగి, మొత్తం మళ్లీ చేయించాలి.

అన్ని తప్పుల్లోకీ నన్ను ఎక్కువ బాధించేది రోగిని త్వరగా ఆపేయనివ్వడం. ఒక ఉదాహరణ తీసుకోండి. ఒకరి అసలు ఎఫ్‌వీసీ 3.0 లీటర్లు, ఎఫ్‌ఈవీ1 1.9 లీటర్లు. నిష్పత్తి 0.63, అడ్డంకి ఉన్నట్టే. అదే మనిషి నాలుగో సెకనుకే ఊదడం మానేస్తే ఎఫ్‌వీసీ 2.6 దగ్గర ఆగిపోతుంది. ఇప్పుడు నిష్పత్తి 0.73. రిపోర్టు మీద ‘అడ్డంకి లేదు’ అని పడుతుంది. ఇరుకైన సన్న నాళాల వెనక చిక్కుకున్న గాలి ఆలస్యంగా, చివరి సెకన్లలోనే బయటికి వస్తుంది. ఆ చివరి సెకన్లను కోసేశామంటే జబ్బు సాక్ష్యాన్నే కోసేసినట్టు. అందుకే అంకెలు చూసేముందు వక్రరేఖ తోక చూడండి. తోక లేని రిపోర్టు మీద రోగ నిర్ధారణ చేయకండి.

ఇంకో సంగతి. వయసు పెరిగేకొద్దీ ఈ నిష్పత్తి ఆరోగ్యవంతుల్లోనూ కొంచెం కొంచెం తగ్గుతుంది. కాబట్టి అందరికీ ఒకే 0.70 గీత పెడితే వృద్ధుల్లో లేని జబ్బు ఉన్నట్టు కనిపిస్తుంది, యువకుల్లో ఉన్న జబ్బు దాటిపోతుంది. అందుకే వయసు, ఎత్తు, స్త్రీపురుష భేదాన్ని బట్టి లెక్కగట్టే కింది హద్దును కూడా పక్కన పెట్టుకుని చదవాలి.

సరే, పరీక్ష పక్కాగా చేశామనే అనుకుందాం. అయినా అది ఆలస్యంగానే చెబుతుంది. కారణం ఊపిరితిత్తి నిర్మాణంలోనే ఉంది. శ్వాసనాళం రెండుగా, ఆ రెండు నాలుగుగా, అలా సుమారు 23 తరాలు చీలుతూ పోతుంది. ఒక్కో నాళం సన్నబడుతున్నా, వాటి సంఖ్య అంతకంటే వేగంగా పెరుగుతుంది. అందువల్ల 2 మిల్లీమీటర్ల కంటే సన్నని నాళాలన్నీ కలిపి చూస్తే గాలికి దారి చాలా విశాలం. మొత్తం అవరోధంలో వాటి వాటా ఆరోగ్యవంతుల్లో పదో వంతు నుంచి పావు వంతు దాకా ఉంటుందని కొలతలు చెబుతున్నాయి.

ఈ లెక్కను కాగితం మీద వేసి చూడండి. మొత్తం అవరోధం 100, అందులో సన్న నాళాల వాటా 10. ఇప్పుడు వాటిలో సగం పూర్తిగా మూసుకుపోయాయి. గాలంతా మిగతా సగం గుండా పోవాలి కాబట్టి వాటి వాటా 20 అవుతుంది. మొత్తం 110. సగం సన్న నాళాలు పోయినా మొత్తం మీద మార్పు 10 శాతమే. స్పైరోమీటరు దీన్ని గుర్తుపట్టదు, రోగికీ తెలియదు. జెరె మీడ్ 1970లో ఈ ప్రాంతానికి నిశ్శబ్ద మండలం అని పేరు పెట్టాడు.

ఆ మండలంలో జబ్బు ఉందని తేల్చినవాళ్లు హాగ్, మాక్లెమ్, థర్ల్‌బెక్, 1968లో. చనిపోయినవారి ఊపిరితిత్తులు తీసుకుని, సుమారు 2 మి.మీ. నాళంలో సన్న గొట్టం ఒకటి వెనక నుంచి ఇరికించి, ఆ బిందువు దగ్గర పీడనం కొలిచారు. దానికి ఇవతల ఎంత అవరోధం, అవతల ఎంత అవరోధం అన్నది విడగొట్టి చూడగలిగారు. జబ్బున్న ఊపిరితిత్తుల్లో సన్న నాళాల అవరోధం మామూలు కంటే 4 నుంచి 40 రెట్లు పెరిగింది. పెద్ద నాళాల్లో మార్పు చాలా తక్కువ. ఈ ఒక్క పనితో ప్రశ్న స్థానం మారిపోయింది.

ఆ ప్రశ్నకు తర్వాతి పెద్ద జవాబు రావడానికి 43 ఏళ్లు పట్టింది. ఆ పని ఎలా చేశారో కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే ఇక్కడ ఫలితమంతా పద్ధతి మీదే నిలబడింది. ఊపిరితిత్తుల మార్పిడిలో రోగి నుంచి తీసేసిన ఊపిరితిత్తిని ముందు గాలితో నింపుతారు. 30 సెంటీమీటర్ల నీటి పీడనం దాకా ఉబ్బించి, 10 సెంటీమీటర్లకు దించి, అదే స్థితిలో ద్రవ నైట్రోజన్ ఆవిరిలో గడ్డకట్టిస్తారు. గడ్డకట్టిన దాన్ని 2 సెం.మీ. మందం పలకలుగా కోసి, వాటి నుంచి చిన్న గుండ్రని ముక్కలు తీసి, అతి సన్న వివరాలు చూపే ఎక్స్‌రే స్కానరు అయిన మైక్రో సీటీలో పెడతారు. గాలి నింపకుండా నేరుగా ఫార్మలిన్‌లో వేస్తే ఊపిరితిత్తి ముడుచుకుపోతుంది. సన్న నాళం జబ్బు వల్ల మూసుకుందా, మనం ముడవడం వల్ల మూసుకుందా అని ఇక ఎవరూ తేల్చలేరు. ముక్కలను ఎక్కడ తీయాలన్నది కూడా కంటికి నచ్చినట్టు ఎంచుకోకూడదు. జబ్బు బాగా కనిపించే చోటికే చేయి పోతుంది. ముందే నిర్ణయించిన క్రమ పద్ధతిలో తీస్తేనే ఆ లెక్క మొత్తం ఊపిరితిత్తికి వర్తిస్తుంది.

2011లో మెక్‌డొనో బృందం ప్రచురించిన ఫలితం ఇది: బాగా ముదిరిన సీఓపీడీలో, సెంట్రిలోబ్యులర్ రకం ఎంఫైసీమా (నాళాల చివర ఉండే గాలి గదుల గోడలు పగిలిపోయే జబ్బు) ఉన్నవాళ్లలో, చివరి సన్న నాళాల సంఖ్య ఆరోగ్యవంతుల్లో ఉండేదానిలో పదో వంతుకు పడిపోయింది. మిగిలినవీ ఇరుకైపోయాయి. అన్నీ కలిపి గాలికున్న దారి వైశాల్యం మామూలులో 0.3 శాతం. ఎంఫైసీమా ఇంకా రాని భాగాల్లో కూడా నాళాలు తగ్గిపోయి ఉన్నాయి. 2018లో ఇదే పద్ధతితో తొలి దశ రోగులను చూస్తే, తేలికపాటి జబ్బు అని మనం రాసిచ్చేవాళ్లలోనే సుమారు 40 శాతం చివరి నాళాలు కనిపించలేదు. మనం ‘మైల్డ్’ అని రాసేటప్పుడు ఈ సంఖ్య గుర్తుంచుకోవాలి.

దీని పరిమితి కూడా చెప్పాలి. ఇవి ఒక్క క్షణంలో తీసిన చిత్రాలు. ఒకే మనిషి ఊపిరితిత్తిని ఏళ్ల తరబడి ఇలా చూడలేం. తొలి దశ నమూనాలు ఎక్కువగా కణితి కోసం శస్త్రచికిత్స చేయించుకున్నవారి నుంచి వస్తాయి, వాళ్లు మిగతా రోగులకు ప్రతినిధులని ఖాయంగా చెప్పలేం. అయినా నాళాలు ముందు, గాలి గదులు తర్వాత అన్న క్రమానికి ఇంతకంటే బలమైన ఆధారం మన దగ్గర లేదు. నేను ఆ క్రమాన్నే నమ్ముతున్నాను.

ఇక గాలి గదులు ఎందుకు పగిలిపోతాయి? దీనికి దారి 1963లో స్వీడన్‌లో దొరికింది. లారెల్, ఎరిక్సన్ రక్తంలోని ప్రొటీన్లను విద్యుత్తుతో వేరుచేసే పట్టీలు చూస్తుంటే, ఐదుగురిలో ఆల్ఫా-1 అనే పట్టీ కనిపించలేదు. ఆ ఐదుగురిలో ముగ్గురికి తీవ్రమైన ఊపిరితిత్తుల జబ్బు ఉంది. లేని ఆ ప్రొటీను ఆల్ఫా-1 యాంటీట్రిప్సిన్. తెల్ల రక్తకణాలు వదిలే ఎలాస్టేజ్ అనే ఎంజైమును అది అదుపు చేస్తుంది. అదుపు లేకపోతే ఎలాస్టేజ్ గాలి గదుల గోడల్లోని ఎలాస్టిన్‌ను తినేస్తుంది. సీఓపీడీ ఉన్న ప్రతి ఒక్కరికీ జీవితంలో ఒక్కసారైనా ఈ ప్రొటీను పరీక్ష చేయించాలి. తేలికైన రక్త పరీక్ష, చాలామంది వైద్యులు రాయనే రాయరు. అది తేలితే రోగి తోబుట్టువులకూ ముందే హెచ్చరిక అందుతుంది.

ఇక్కడి నుంచి ప్రయోగశాలలు ఎలుకల వైపు మళ్లాయి. ఎలాస్టేజ్‌ను ఒక్క మోతాదు ఊపిరితిత్తిలో వేస్తే మూడు వారాల్లో ఎంఫైసీమా వస్తుంది. త్వరగా ఫలితమిచ్చే నమూనా కాబట్టి దాని మీద మందులు పరీక్షించడం అలవాటైంది. సిగరెట్ పొగ పట్టిస్తే ఆరు నెలలు పడుతుంది, వచ్చేది కూడా తేలికపాటి జబ్బే. 1997లో మాక్రోఫేజ్‌లనే రక్షక కణాలు వదిలే ఎలాస్టేజ్ జన్యువు తీసేసిన చిట్టెలుకలకు పొగ పట్టించినా ఎంఫైసీమా రాలేదని తేలింది. చాలా విలువైన పని. కానీ చిట్టెలుక నిర్మాణం వేరు. దానికి మనలా శ్వాసకోశ బ్రాంకియోల్స్, అంటే గోడల్లోనే గాలి గదులుండే చివరి సన్న నాళాలు, లేవు. సన్న నాళం నేరుగా గాలి గదుల్లోకి తెరుచుకుంటుంది. శ్లేష్మ గ్రంథులు శ్వాసనాళం పైభాగంలోనే ఉంటాయి. అంటే మనిషిలో జబ్బు మొదలయ్యే భాగమే ఎలుకలో లేదు. 2022లో మనుషుల ఆ బ్రాంకియోల్స్‌లో ప్రత్యేకమైన స్రావక కణాలు ఉన్నాయని, అవి గాలి గదులను మరమ్మతు చేసే కణాలుగా మారగలవని కనుగొన్నారు. అవి చిట్టెలుకలో కనిపించవు. ఎలుకలో పనిచేసిన మందు మనిషిలో విఫలమైతే నాకు ఆశ్చర్యం కలగదు.

ఎలుకల పని చేసే విద్యార్థులకు ఒక మాట. ఎంఫైసీమాను గాలి గదుల గోడల మధ్య సగటు దూరంతో కొలుస్తారు. ఊపిరితిత్తిని 25 సెం.మీ. నీటి పీడనం వద్ద స్థిరంగా నింపి గట్టిపరచకపోతే ఆ దూరం మీరు ఎంత నింపారో చెబుతుంది, జబ్బు ఎంతో చెప్పదు. ఊపిరితిత్తి మొత్తం పరిమాణాన్ని కూడా కొలిచి పక్కన రాయండి. పొగ పట్టించే గుంపుల్లో రక్తంలోని కార్బాక్సీహిమోగ్లోబిన్ (పొగలోని కార్బన్ మోనాక్సైడ్ అంటుకున్న హిమోగ్లోబిన్) చూడకపోతే రెండు గుంపులకూ ఒకే మోతాదు అందిందో లేదో తెలియదు.

ఇప్పుడు మందుల ట్రయల్స్ దగ్గరికి వద్దాం. ఇందాక 150 మి.లీ. అన్నాను, ఒకే కూర్చోవడంలో రెండు ఊదుల మధ్య అనుమతించే తేడా. జబ్బు ఏడాదికి ఎంత తింటుందో చూడండి. లంగ్ హెల్త్ స్టడీలో 11 ఏళ్ల తర్వాత, పొగ మానని పురుషుల ఎఫ్‌ఈవీ1 ఏడాదికి సుమారు 66 మి.లీ. తగ్గింది. మానేసినవాళ్లలో సుమారు 30. ఏడాది మార్పు కంటే కొలతలోని వదులు పెద్దది! ఒక్క మనిషిలో ఒక్క ఏడాదిలో మందు పనిచేసిందో లేదో చెప్పడం అసాధ్యం. అందుకే అప్‌లిఫ్ట్ ట్రయల్ 5,993 మందిని నాలుగేళ్లు చూడాల్సి వచ్చింది. 2008లో వచ్చిన ఫలితం: నాళాలను వదులు చేసే టియోట్రోపియం ఊపిరిని మెరుగుపరిచింది, జబ్బు ఉన్నట్టుండి ముదిరే సందర్భాలను తగ్గించింది, కానీ ఎఫ్‌ఈవీ1 పడిపోయే వేగాన్ని మార్చలేదు. ఆ వాలును మార్చినట్టు తిరుగులేకుండా తేలింది పొగ మానడమొక్కటే. ఏ మందు రాసినా పొగ మాన్పించే పనిని దాని కింద రెండో వరుసలో పెట్టకండి.

ఇంత పెద్ద ట్రయల్స్‌లో మరో చిక్కు ఉంది. 2007 నాటి టార్చ్ ట్రయల్‌లో ఉత్తుత్తి మందు గుంపులో 44 శాతం, రెండు మందుల కలయిక గుంపులో 34 శాతం మధ్యలోనే మందు మానేశారు. మానేసేవాళ్లు ఎక్కువగా జబ్బు ముదిరినవాళ్లే. వాళ్లు పోగా మిగిలినవాళ్ల అంకెలు సహజంగానే బాగుంటాయి, అందువల్ల ఉత్తుత్తి గుంపు ఉన్నదానికంటే ఆరోగ్యంగా కనిపిస్తుంది. మరణాలను మాత్రం మానేసినవాళ్లతో సహా అందరిలోనూ లెక్కగట్టారు. అక్కడ తేడా 15.2 శాతానికి 12.6 శాతం. తేడా కాకతాళీయం కాదని చెప్పడానికి గణాంక హద్దు 0.05 అయితే వచ్చింది 0.052, అంటే అంచులో తప్పింది. మీ ట్రయల్‌లో మందు మానేసినవాళ్లను కూడా చివరిదాకా ఫోను చేసి, పిలిచి, కొలవండి. ఖర్చు పెట్టాల్సిన చోటు అదే.

మరి ఎఫ్‌ఈవీ1 కాకపోతే దేన్ని కొలవాలి? ఆల్ఫా-1 లోపం ఉన్న 180 మందితో జరిగిన ర్యాపిడ్ ట్రయల్ ఒక దారి చూపింది. కిలోకు 60 మి.గ్రా. చొప్పున వారానికోసారి ఆ ప్రొటీను ఎక్కించి, సీటీలో ఊపిరితిత్తి సాంద్రతను కొలిచారు. పూర్తిగా పీల్చినప్పుడు తీసిన చిత్రాల్లో, మందు తీసుకున్నవాళ్లలో సాంద్రత ఏడాదికి లీటరుకు 1.45 గ్రాములు తగ్గితే, తీసుకోనివాళ్లలో 2.19 తగ్గింది. అదే ట్రయల్‌లో ఎఫ్‌ఈవీ1లో తేడా కనిపించలేదు. ఎఫ్‌ఈవీ1 మాత్రమే చూసి ఉంటే ఈ మందును పనికిరానిదిగా పక్కన పడేసేవాళ్లం.

సీటీ కూడా జాగ్రత్తగా వాడాలి. పూర్తిగా పీల్చినప్పుడు సీటీ సాంద్రత కొలతలో మైనస్ 950 యూనిట్ల కంటే తక్కువ ఉన్న భాగాన్ని ఎంఫైసీమా అంటాం. ఊది వదిలాక మైనస్ 856 కంటే తక్కువ ఉన్నది చిక్కుకున్న గాలి. ఈ రెండు చిత్రాలను ఒకదానిమీద ఒకటి పేర్చి చూస్తే, పీల్చినప్పుడు మామూలుగా ఉండి వదిలినప్పుడు గాలి వదలని భాగాలు విడిగా తేలతాయి. అవే సన్న నాళాల జబ్బున్న చోట్లు. ఈ పద్ధతి 2012లో వచ్చింది. అయితే రోగి సగమే పీలిస్తే, స్కానర్ మారితే, చిత్రాన్ని కూర్చే సాఫ్ట్‌వేర్ అమరిక మారితే అంకెలు మారిపోతాయి. పొగ మానిన కొన్ని నెలలకు ఎంఫైసీమా పెరిగినట్టు కనిపించడం కూడా మామూలే. వాపు తగ్గి సాంద్రత పడిపోవడం వల్ల అలా కనిపిస్తుంది. రోగికి ఇది ముందే చెప్పకపోతే, మానినందుకు జబ్బు ఎక్కువైందని మళ్లీ సిగరెట్ అందుకుంటాడు.

అదే సీటీలో శ్లేష్మపు బిరడాలనూ వెతకండి. 2 నుంచి 10 మి.మీ. నాళాలను పూర్తిగా మూసేసిన శ్లేష్మం ఉన్నవాళ్లలో మరణాలు ఎక్కువని 2023లో వచ్చిన పెద్ద అధ్యయనం చూపింది. వాళ్లలో కొందరికి దగ్గూ కఫమూ ఉండవు. రోగిని అడిగి తెలుసుకోగల విషయం కాదిది.

అందరికీ ఒకే మందు అన్న ఆలోచన కూడా ఇప్పుడు కదులుతోంది. రక్తంలో ఇసినోఫిల్స్ అనే ఒక రకం తెల్ల రక్తకణాలు మైక్రోలీటరుకు 300, ఆపైన ఉన్న 939 మందిలో డూపిలుమాబ్ అనే యాంటీబాడీ మందు ఇస్తే జబ్బు ముదిరే సందర్భాలు 30 శాతం తగ్గాయని 2023లో తేలింది. ముందే సరైన రోగులను ఎంచుకోవడం వల్లే అది కనిపించింది. ఇసినోఫిల్స్ తక్కువ ఉన్నవాళ్లకు ఈ ఫలితం వర్తించదు.

చివరగా, నన్ను ఎక్కువగా ఆలోచింపజేసే విషయం. ఊపిరితిత్తుల సామర్థ్యం 20 నుంచి 25 ఏళ్ల మధ్య శిఖరానికి చేరి, ఆ తర్వాత మెల్లగా దిగుతుంది. సీఓపీడీ అంటే వేగంగా దిగడం అనే చాలాకాలం అనుకున్నాం. 2015లో లాంగె బృందం మూడు దీర్ఘకాల అధ్యయనాలను కలిపి చూస్తే, సీఓపీడీ వచ్చినవాళ్లలో దాదాపు సగం మంది మామూలు వేగంతోనే దిగారు. వాళ్లు అసలు శిఖరానికే చేరలేదు. నెలలు నిండకుండా పుట్టడం, పసితనంలో తీవ్రమైన ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్లు, ఇంట్లో పొగ, చిన్ననాటి ఉబ్బసం, ఇవన్నీ ఆ శిఖరాన్ని కుదిస్తాయి. యాభై ఏళ్ల రోగిలో ఈ రెండు దారులూ ఒకే ఎఫ్‌ఈవీ1గా కనిపిస్తాయి. లోపల జరిగినది వేరు, ఇవ్వాల్సిన మందు కూడా వేరు కావచ్చు. ఇద్దరినీ కలిపి ఒకే ట్రయల్‌లో వేస్తే, దిగే వేగాన్ని ఆపే మందుకు సగం మందిలో ఆపడానికి ఏమీ ఉండదు.

వాళ్లను విడదీయాలంటే ఒక పాత కొలత కావాలి. అందుకే పాతికేళ్ల లోపు ఒక్కసారైనా స్పైరోమెట్రీ చేయించి, అంకెలతో పాటు వక్రరేఖలను కూడా దాచాలని అడుగుతున్నాను. నెలలు నిండకుండా పుట్టినవాళ్లు, చిన్నప్పుడు ఉబ్బసం ఉన్నవాళ్లు, పొగలో పెరిగినవాళ్లతో మొదలుపెట్టండి. ఎఫ్‌ఈవీ1 ఉండాల్సినదానిలో 80 శాతం లోపు ఉంటే, నిష్పత్తి మామూలుగా ఉన్నా వదిలేయకుండా ఏటా పిలవండి. సన్న నాళాలను కాపాడే మందు ఏదైనా వస్తే దాన్ని ముందు పరీక్షించాల్సింది వీళ్లలోనే, నాళాలు ఇంకా మిగిలి ఉండగానే.

ఇక మీ ప్రశ్నలు అడగండి.